మోములు దిద్దిన వైద్యుడు

అగ్ని మానవునకు పరమమిత్రము. అన్నము వండిపెట్టునది, చలి కాచునది, చీకటిని పారద్రోలునది అదియే. కాని యేమరుపాటు కలిగినచో ఆ మిత్రమే క్షణములో శత్రువగును. పొయ్యి చెంత కొంగున కంటుకొన్న నిప్పు, బోర్లపడిన కిరోసిను దీపము, దీపావళినాడు చేతిలోనే ప్రేలిన చిచ్చుబుడ్డి, ఇట్టివానివలన ముఖము కాలినవారు మన గ్రామములలో అచ్చటచ్చట కనబడుచునేయుందురు.

కాలిన గాయము మానుట వేరు, కాలిన మనుష్యుడు కోలుకొనుట వేరు. నిప్పు చర్మపు పైపొరను మాత్రమే తాకినచో గాయము కొలదిదినములలో మానిపోవును. లోతుగ కాలినచో పూర్వపు చర్మము మరల పుట్టదు. దానికి బదులు నారవంటి గట్టి మచ్చ యేర్పడి గాయమును పూడ్చును. ఆ మచ్చ ఊరకుండదు. నెలల తరబడి ముడుచుకొనుచు, చుట్టునున్న మెత్తని భాగముల నెల్ల తన వైపునకు లాగుకొనుచుండును. మన ప్రాంతమున దీనినే చర్మము గుంజుకొనిపోవుట యందురు. రెప్పలు వెలుపలికి తిరిగి కన్ను మూతపడదు. పెదవులు బిగిసి నోరు చక్కగ తెరచుకొనదు. మెడ ముందుభాగము కాలినచో గడ్డము ఱొమ్మువైపునకు లాగబడి తల యెత్తుటయే కష్టమగును.

దీనికి తోడు మరియొక బిగువు కలదు. అది చర్మమునకు సంబంధించినది కాదు, చూచువారి మనస్సునకు సంబంధించినది. ముఖము వికృతమైన వానిని చూచి పిల్లలు భయపడుదురు. పెద్దలు మొగము త్రిప్పుకొందురు, లేదా గ్రుడ్లప్పగించి చూతురు. అట్టివాడు క్రమముగ ఇల్లు విడిచి రాకుండును. ఈ రెండు బిగువులను సడలించుటకై తన జీవితమును ధారపోసిన వైద్యుడు సర్ ఆర్చిబాల్డ్ మెకిండో. ఆయన పుట్టిన దేశము మనకు చాల దూరము. అయినను ఆయన కథలో మన హైదరాబాదు పేరు కూడ కలదు. అది యెట్లు వచ్చినదో ముందు తెలిసికొందుము.

మెకిండో 1900వ సంవత్సరము మే నెల 4వ తేదీన న్యూజీలాండులోని డునెడిన్ నగరమున జన్మించెను. తండ్రి జాన్ మెకిండో ముద్రణాలయమును నడుపువాడు. తల్లి మేబెల్ హిల్ చిత్రకారిణి. కుంచెతో రూపములను తీర్చిన తల్లి కడుపున, కత్తితో రూపములను తీర్చగల కుమారుడు పుట్టెను. ఆయన ఆ నగరమునందే ఒటాగో బాలుర ఉన్నత పాఠశాలలో చదివి, పిమ్మట ఒటాగో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్ర మభ్యసించి పట్టభద్రుడయ్యెను.

1924లో ఆయనకు అమెరికాలోని ప్రసిద్ధమైన మేయో క్లినిక్కులో పనిచేయుటకు విద్యార్థివేతనము లభించెను. న్యూజీలాండునుండి అట్టి గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు. ఆయన యచ్చట శవములను పరీక్షించుచు వ్యాధుల స్వభావమును శ్రద్ధతో నేర్చెను. కాలేయపు వ్యాధులపై పరిశోధించి పేరు గడించెను. ఉదరశస్త్రవైద్యుడుగ నిలిచిపోవుటయే అప్పటి ఆయన కోరిక. ముఖములను సరిదిద్దవలెనను ఆలోచన ఆయనకు కలలోనైనను లేదు.

ఆయన పనితనమును చూచి మెచ్చిన ఇంగ్లండు శస్త్రవైద్యు డొకడు తమ దేశమునకు రమ్మని ప్రోత్సహించెను. 1930లో మెకిండో కుటుంబముతో లండను చేరెను. కాని ఆశించిన ఉద్యోగము దొరకలేదు. క్రొత్త నగరమున తెలిసినవారు లేరు, చేత పని లేదు, వెంట తెచ్చుకొన్న ధనము తరిగిపోవుచుండెను. అట్టి సమయమున ఆయన తన దూరపుబంధువైన హెరాల్డ్ గిల్లీస్ ఇంటి తలుపు తట్టెను. ఆ తలుపే ఆయన జీవితమును క్రొత్త త్రోవకు మరల్చెను.

గిల్లీసు కూడ డునెడినులో పుట్టినవాడే. మొదటి ప్రపంచయుద్ధమున తుపాకిగుండ్లచే ముఖములు చిదిసిన వేలకొలది సైనికులకు చికిత్స చేసి, ప్లాస్టిక్ సర్జరీ యను శాస్త్రమునకు ఆధునికకాలమున పునాది వేసినవాడు. విద్యార్థులు ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. ఈ పేరులోని ప్లాస్టిక్ అను మాటకు మనము బజారులో కొను ప్లాస్టిక్ వస్తువులతో సంబంధము లేదు. గ్రీకుభాషలో ఆ మాటకు మలచుట, రూపము తీర్చుట అని అర్థము. కుమ్మరి మట్టిని మలచునట్లు వైద్యుడు రోగి చర్మమునే మలచి పోయిన భాగమును తిరిగి నిర్మించును.

ఈ విద్యకు మన దేశము పుట్టినిల్లనుట అతిశయోక్తి కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో తిరిగి నిర్మించు విధము సుశ్రుతసంహితలో వర్ణింపబడియున్నది. నుదుటి చర్మమును క్రిందికి మలచి ముక్కు చేయుపద్ధతి దేశమున తరతరములుగ వాడుకలో నుండెను. 1792లో ముగిసిన మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యమునకు ఎడ్లబండ్లు తోలుచుండిన కావస్జీ యనువాడు టిప్పుసుల్తాను సైనికులకు చిక్కగా వారు వాని ముక్కు కోసిరి. తరువాత నొక దేశీయశిల్పి వానికి నుదుటి చర్మముతో ముక్కు అతికెను. ఈ వృత్తాంతము 1794లో లండనులోని ఒక పత్రికలో చిత్రముతో ప్రకటింపబడెను. దానిని చూచిన వైద్యులలో కార్‌ప్యూ అనునతడు 1814లో ఆ పద్ధతిని లండనులో ప్రయోగించి కృతార్థుడయ్యెను. ఇట్లు మన పల్లెపట్టుల విద్య సముద్రములు దాటిపోయెను.

గిల్లీసు దానికి మరియొక మెట్టు చేర్చెను. 1916లో జరిగిన జట్లాండు నౌకాయుద్ధమున విలీ వికరేజ్ అను నావికుని ముఖము కాలి, మచ్చ బిగిసి, రెప్పలును క్రిందిపెదవియు వెలుపలికి తిరిగిపోయెను. 1917 అక్టోబరు 3వ తేదీన గిల్లీసు ఆతని ఱొమ్ముమీది చర్మమును ఒక ప్రక్క అంటియుండగనే యెత్తి ముఖమునకు త్రిప్పుచుండెను. ఆ చర్మపు టంచులు లోనికి చుట్టుకొనుట ఆయన కంటబడెను. వెంటనే ఆ అంచులను రెంటిని కలిపి కుట్టివేసెను. చర్మము గొట్టము వలె నయ్యెను. లోపలి రక్తనాళములు తెరపియై చెడక, చీము పట్టక, చర్మము సజీవముగ నిలిచెను. ఆనాటినుండి పొట్టనుండియో, ఱొమ్మునుండియో చర్మపు గొట్టమును మెట్టుమెట్టుగ జరుపుకొనుచు ముఖమునకు చేర్చుట సాధ్యమయ్యెను. ముఖము కాలి బిగిసిన వానికి ఆధునిక శస్త్రవైద్యము ఇచ్చిన పెద్ద ఆశ అది.

గిల్లీసు తన బంధువునకు పని చూపుటయే గాక, తన విద్యనంతయు నేర్పెను. మెకిండో గర్వము విడిచి, ముప్పదియేండ్ల వయస్సున మరల శిష్యుడయ్యెను. అనతికాలములోనే నిపుణుడని పేరు పొందెను. 1938లో ఆయన బ్రిటిషు వైమానికదళమునకు ప్లాస్టిక్ సర్జరీ సలహాదారుగ నియమింపబడెను. మరుసటి సంవత్సరము రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమగునప్పటికి ఆ దేశమున ఈ విద్యలో పూర్తి యనుభవము గలవారు నలుగురే యుండిరి. వారిలో మెకిండో ఒకడు. 1939 సెప్టెంబరులో ఆయన లండనునకు దక్షిణముననున్న ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్నపట్టణమునకు పోయి, అచ్చటి క్వీన్ విక్టోరియా వైద్యశాలలో తన కేంద్రమును నెలకొల్పెను. రోగులకై కట్టిన మూడవ వార్డు ఒక కఱ్ఱపాక. చూచుటకు మిక్కిలి సామాన్యమైన ఆ పాక తరువాత లోకప్రసిద్ధి గాంచెను.

1940 వేసవిలో జర్మను విమానములు ఇంగ్లండుపై విరుచుకొనిపడెను. వానిని ఎదుర్కొనినవారు చాలవరకు ఇరువదియేండ్లకు అటునిటు వయస్సుగల యువకులు. వారు నడిపిన హరికేన్ విమానమున పెట్రోలు తొట్లు చోదకుని యెదుటను, ఇరుప్రక్కల రెక్కల మొదళ్లలోను ఉండెను. గుండు తగిలి తొట్టి అంటుకొన్నచో మంట కొలిమితిత్తి ఊదినట్లు నేరుగ చోదకుని ముఖముపైకి వచ్చును. విమానము విడిచి దూకుటకు కొన్ని క్షణములే వ్యవధి. ఆ కొలది క్షణములలోనే ముఖమును, చేతులును కాలిపోవును. పూర్వము ఇంత లోతుగ కాలినవారు బ్రదుకుటయే అరుదు. ఇప్పుడు వారు బ్రదుకుచుండిరి. బ్రదికినవారి నేమి చేయవలెనో వైద్యశాస్త్రమునకు తెలియదు.

ఇచ్చటనే మన హైదరాబాదు ప్రసక్తి వచ్చును. ఆ కాలమున నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు హైదరాబాదు సంస్థానములోనివి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రిటిషువారి వైమానికదళమునకు ధనసహాయము చేసెను. అందుకు గుర్తుగ ఆ సైన్యములోని కొన్ని దళములు హైదరాబాదు పేరు ధరించెను. వానిలో 253వ దళమునకు హైదరాబాదు సంస్థాన దళమని పేరు. సంస్థానపు బొక్కసమునకు ముఖ్యాధారము భూమిశిస్తు. కావున పాలమూరు రైతు జొన్నచేలలోను, నల్లగొండ రైతు చెరువుక్రింది మళ్లలోను చెమటోడ్చి చెల్లించిన పైకములో కొంత ఆ దళమునకు చేరెననుకొనుట తప్పు కాదు. ఆ సంగతి ఆ రైతులకు తెలియదు. వారి నెవ్వరును అడుగనులేదు.

ఆ దళమునకు నాయకత్వము వహించినవారిలో టామ్ గ్లీవ్ ఒకడు. 1940 ఆగస్టు 31వ తేదీన ఆతని హరికేన్ విమానపు రెక్కలోని పెట్రోలు తొట్టి అంటుకొనెను. గొడుగు సాయమున నేలకు దిగునప్పటికి ఆతని ముఖము, రెప్పలు, చేతులు, కాళ్లు కాలిపోయియుండెను. ఆస్పత్రికి వచ్చి చూచిన భార్య నిర్ఘాంతపోయి ఏమి జరిగినదని అడుగగా, ఆతడు తనకొక జర్మనువానితో తగవు వచ్చినదని మాత్రము చెప్పెనట. కొంతకాలమునకు ఆతనిని మెకిండో యొద్దకు తరలించిరి. మెకిండో ఆతనికి క్రొత్తముక్కు నిర్మించెను. హైదరాబాదు పేరు ధరించిన దళమునుండి వచ్చిన ఆ రోగి తరువాత మూడవ వార్డు రోగులందరికి పెద్ద దిక్కయ్యెను.

గాయపడి వచ్చినవారిని చూచి మెకిండోకు ఒక సందేహము కలిగెను. కాలినచోట టానిక్ ఆమ్లము పూయుట ఆనాటి వైద్యుల ఆచారము. మన ప్రాంతపు బీళ్లలో పచ్చగ పూయు తంగేడు చెట్టు నెఱుగనివారుండరు. దాని బెరడుతో తోలు పదను చేయుదురు. ఆ బెరడులో పచ్చితోలును గట్టిపరచు పదార్థమే టానిక్ ఆమ్లపు జాతికి చెందినది. దానిని గాయముపై పూసినచో తోలువంటి గట్టిపెచ్చు కట్టి లోపలి రసము కారిపోకుండ ఆపును. వీపు, తొడ వంటి తావుల కది చెల్లునేమో. కాని రెప్పలపైని, వ్రేళ్లపైని ఆ పెచ్చు బిగిసి రక్తప్రసారము నడ్డగించుచుండెను. పెచ్చుక్రింద చీము చేరుచుండెను. వ్రేళ్లు కొంకర్లుపోవుచుండెను. రెప్పలు వెలుపలికి తిరిగి, కంటి నల్లగ్రుడ్డు ఎండి, చూపునకే ముప్పు వచ్చుచుండెను. అనగా మచ్చ తరువాత చేయబోవు కీడును మందే ముందుగ చేయుచుండెను.

అదే కాలమున ఆయన మరియొక సంగతి గమనించెను. మండుచున్న విమానమునుండి సముద్రమున పడినవారి గాయములు నేలపై పడినవారి గాయములకంటె మెత్తగ మానుచుండెను. ఉప్పునీటి మహిమయే దీనికి కారణమని ఆయన తలచెను. గోరువెచ్చని ఉప్పునీటి తొట్లు ఏర్పాటు చేయించి రోగులను ప్రతిదినము వానిలో నానబెట్టించెను. కట్లు నీటిలో తమంత తామే వదులై ఊడివచ్చుచుండెను. పూర్వము కట్టు విప్పునప్పు డెల్ల రోగులు పడుచుండిన నరకబాధ తగ్గెను. గాయములపై వాసలీను పూసిన పలుచని వలగుడ్డ కప్పి, వ్రేళ్లను కదల్చుచుండుమని చెప్పుచుండెను. ముఖమునకు, చేతులకు టానిక్ ఆమ్లము పూయరాదని ఆయన తోటివైద్యులతో గట్టిగ వాదించెను. పెద్దలు కొందరు మొదట సమ్మతింపలేదు. కాని రోగుల చేతులే సాక్ష్యము పలికినవి. 1940వ సంవత్సరము ముగియులోపలనే ఆ ఆచారము వెనుకకు తగ్గెను.

గాయములు మానిన తరువాత అసలు పని ఆరంభమగును. మెకిండో మొట్టమొదట రెప్పలను బాగు చేయుచుండెను. ముఖసౌందర్యముకంటె చూపు ముఖ్యమని ఆయన నియమము. గుంజుకొనిపోయిన మచ్చను కోసి, రెప్పను దాని సహజస్థానమునకు దింపి, ఏర్పడిన ఖాళీలో చేతి లోపలివైపునుండి తీసిన పలుచని చర్మమును అతుకుచుండెను. అతుకు కొంత ముడుచుకొనును గనుక కావలసిన దానికంటె పెద్దదిగనే కోసికొనవలెను. తరువాత పెదవులు, ఆపైన ముక్కు, పిమ్మట చెక్కిళ్లు. ఒక శస్త్రచికిత్సకును మరియొక దానికిని నడుమ చర్మము నిలద్రొక్కుకొనుటకు వారములు, కొన్నిపట్ల నెలలు ఆగవలెను. తొందరపడినచో చేసినదంతయు వ్యర్థమగును. ఒక్కొక్కనికి పది, ఇరువది, ముప్పది శస్త్రచికిత్సలు జరిగినవి. ఇంత ఓపిక వైద్యునకే గాక రోగికిని కావలెను. ఆ ఓపిక రోగి కెట్లు వచ్చును?

ఈ ప్రశ్నకు మెకిండో చెప్పిన సమాధానమే ఆయన గొప్పతనము. రోగి మనస్సు బిగిసియున్నంతకాలము చర్మము సడలినను ప్రయోజనము లేదని ఆయన గ్రహించెను. కావున వైద్యశాలలోని కఠినశాసనములను సడలించెను. కోలుకొనుచున్న సైనికులు ఖైదీలవలె నొకేరకపు నీలిదుస్తులు తొడుగుకొనవలెనను నిబంధన నుండెను. దానిని త్రోసివేసి వారి వారి సైనికదుస్తులను, ఇష్టమైన దుస్తులను ధరింపనిచ్చెను. అధికారి యని, సామాన్యుడని భేదము లేక అందరిని ఒకే వార్డులో నుంచెను. పాటలు, నవ్వులు, ఎగతాళులు ఆ పాకలో నిత్యము వినబడుచుండెను. రోగులు ఒకరి శస్త్రచికిత్సను మరియొకరు చూచుటకు కూడ ఆయన అనుమతించెను. తనకు జరుగబోవునది కన్నులార చూచినవానికి భయము తగ్గునని ఆయన నమ్మకము.

అంతటితో ఆగక ఆయన పట్టణమునకు పోయెను. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పౌరులను కలిసికొని, తన యువకులు వీథులలోనికి వచ్చినప్పుడు వారిని వింతగ చూడవలదని, మొగము త్రిప్పుకొనవలదని, ఇతరులతో మాటలాడినట్లే మాటలాడుమని బ్రతిమాలెను. వారిని తమ ఇండ్లకు భోజనమునకు పిలువుమని కోరెను. ఆ పట్టణవాసులు ఆయన మాట మన్నించిరి. అంగడివారు, హోటలువారు, గృహిణులు ఆ యువకులను తమ బిడ్డలవలె నాదరించిరి. సగము కట్టిన ముక్కుతో, ఱొమ్మునుండి ముఖమునకు వ్రేలాడు చర్మపు గొట్టముతో వీథిలో నడచువానిని చూచి ఎవ్వరును నివ్వెరపోలేదు. అందువలననే ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు తేరిపార చూడని పట్టణమను కీర్తి వచ్చెను. ఒక పట్టణమునకు ఇంతకంటె గొప్ప బిరుదు ఉండునా?

ప్రభుత్వముతో కూడ ఆయన పోరాడెను. గాయపడిన సైనికుడు నియమితకాలములో కోలుకొననిచో ఆతనిని కొలువునుండి తొలగించు పద్ధతి యుండెను. ముఖము తిరిగి కట్టుటకు సంవత్సరములు పట్టునప్పుడు ఇది అన్యాయమని ఆయన వాదించి ఆ నిబంధనను మార్పించెను. సైనికపదవి స్వీకరించినచో పై యధికారులకు లోబడవలసివచ్చునని యెంచి, ఆయన యుద్ధకాల మంతయు పౌరవైద్యుడుగనే యుండెను.

1941 జూలైలో ఆ రోగులు కొందరు కలిసి ఒక సంఘము స్థాపించుకొనిరి. ప్రయోగశాలలో పరీక్షలకు వాడు గినీపంది యను చిన్నజంతువు పేరే తమ సంఘమునకు పెట్టుకొనిరి. తమపై క్రొత్త చికిత్సలు ప్రయోగింపబడుచున్నవి గనుక ఆ పేరు తమకు తగునని వారి పరిహాసము. మెకిండో అధ్యక్షుడయ్యెను. టామ్ గ్లీవ్ ప్రధాన గినీపంది యను బిరుదు వహించెను. కాళ్లు కాలి పరుగెత్తలేనివానిని కోశాధికారిగ నెన్నుకొనిరి, డబ్బుతో పారిపోలేడని. వ్రేళ్లు కాలి వ్రాయలేనివానిని కార్యదర్శిగ నెన్నుకొనిరి, సభావిశేషములు సుదీర్ఘముగ వ్రాసి విసిగింపడని. తమ దుఃఖమును తామే నవ్వుగ మార్చుకొనిన ఆ ధీరుల సంఘమున యుద్ధాంతమునకు 649 మంది సభ్యులుండిరి. వారిలో అనేకులు మరల ఉద్యోగములు చేసిరి, వివాహములు చేసికొనిరి, బిడ్డలను కనిరి. గ్లీవ్ తిరిగి వైమానికదళమున పనిచేసి, 1993 వరకు జీవించెను.

మెకిండో దోషములు లేనివాడు కాదు. ఆయన మాట కటువు. తన మాటయే నెగ్గవలెనను పట్టుదల మెండు. ఆలస్యమును, అలక్ష్యమును సహింపలేక సహాయకులపై విరుచుకొనిపడుచుండెను. పనికే తన్ను తానర్పించుకొన్నందున ఇంటికి దూరమయ్యెను. కాని రోగి శయ్య చెంత ఆయన వేరొక మనుష్యుడు. మంచముపై కూర్చుండి, ఏమి చేయగలడో, ఏమి చేయలేడో దాపరికము లేక చెప్పుచుండెను. పూర్వపు ముఖము మరల వచ్చునని ఆయన ఎవ్వరికిని బొంకుమాట చెప్పలేదు. తలయెత్తుకొని తిరుగగల ముఖము మాత్రము వచ్చునని చెప్పి, ఆ మాట నిలుపుకొనెను.

బ్రిటిషు ప్రభుత్వము 1947లో ఆయనకు సర్ బిరుదమిచ్చి గౌరవించెను. 1960 ఏప్రిల్ 11వ తేదీ రాత్రి ఆయన నిద్రలోనే కన్నుమూసెను. వైమానికదళమువారు తమ ప్రార్థనామందిరమైన సెయింట్ క్లెమెంట్ డేన్స్‌లో ఆయన చితాభస్మమును భద్రపరచిరి. సైనికుడు కాని వైద్యునకు అట్టి గౌరవము దక్కుట అపూర్వము. 2014లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పౌరులు ఆయన విగ్రహమును నెలకొల్పిరి. దానిని మలచిన శిల్పి తండ్రి, మెకిండో చికిత్స పొందినవారిలో నొకడు. కూర్చున్న యువకుని వెనుక నిలిచి, ఆతని భుజములపై చేతులు వేసిన వైద్యుడు ఆ విగ్రహమున కానవచ్చును.

మెకిండో కాలమునుండి ఈ విద్య చాల దూరము నడచెను. నేడు లోతుగ కాలిన చర్మమును తొలిదినములలోనే తొలగించి క్రొత్తచర్మము అతుకుదురు. మచ్చ ఉబ్బి గట్టిపడకుండ ముఖమునకు అమరిన బిగుతైన ముసుగు, సిలికాను పట్టీలు నెలల తరబడి ధరింపజేయుదురు. నూనెతో మెల్లగ మర్దనము చేయించి, నోరు సాగదీయుట, మెడ త్రిప్పుట, కనులు గట్టిగ మూయుట మొదలగు అభ్యాసములు ప్రతిదినము చేయింతురు. మచ్చ పక్వమై మెత్తబడుటకు సంవత్సరమో, అంతకంటె ఎక్కువయో పట్టును. అంతవరకు అభ్యాసము మానరాదు. మానినచో చర్మము మరల గుంజుకొనును. దూరదేశములకు పోనక్కరలేకుండ హైదరాబాదులోని ఉస్మానియా వైద్యశాలలో ఈ చికిత్సలు జరుగుచున్నవి. మరణించినవారు దానము చేసిన చర్మమును భద్రపరచు నిధి కూడ 2021లో అచ్చట ఏర్పడెను.

అయినను చికిత్సకంటె జాగ్రత్త మేలు. నిప్పంటుకొన్నవాడు పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను, దగ్గరనున్నవారు కంబళి కప్పి మంట నార్పవలెను. వెంటనే కాలినచోటుపై ఇరువది నిమిషములు మామూలు చల్లని నీరు ధారగ పోయవలెను. మంచుగడ్డ పెట్టరాదు. సిరా, పసుపు, వెన్న, పండ్లపొడి వంటివి పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యశాలకు కొనిపోవలెను. ఈ కొలదిపాటి తెలివి యున్నచో ఎందరి ముఖములో నిలుచును.

చికిత్స వైద్యులది. కాని తేరిపార చూడని పట్టణమును నిర్మించుట వైద్యులవలన కాదు, అది మనవంతు. మెకిండో చేతిలోని కత్తి అందరికి అబ్బదు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పౌరుల సౌజన్యము ఎవరికైనను అబ్బును. కాలిన ముఖముతో ఒక బాలిక సెలవుల తరువాత తరగతికి తిరిగివచ్చినదనుకొనుడు. ఆమె తలుపు చెంత ఒక్క నిమిషము ఆగును. ఆ నిమిషమున తరగతిలోని నలువది జతల కన్నులు ఏమి చేయునో, దానిపై ఆమె జీవితము ఆధారపడియుండును. ఆ కన్నులు ఎప్పటివలెనే ఆమెను చూచి, ప్రక్కన చోటిచ్చి, పాఠములో ఎంతవరకు వచ్చినదో చెప్పినచో, నల్లగొండ పల్లెలోనో పాలమూరు పల్లెలోనో ఉన్న ఆ చిన్న పాఠశాల, మూడవ వార్డునకు ఏమాత్రమును తీసిపోదు.